అవరుద్ధ డోలనాల అనువర్తనం: సంతోష్‌నగర్ రోడ్లపై ఒక కారు సస్పెన్షన్, ఛాసిస్

6.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఒక కారు సస్పెన్షన్ పౌనఃపున్యాన్ని, అవరోధ నిష్పత్తిని లెక్కించగలుగుతారు. స్ప్రింగు గట్టిదనం, కారు ఎత్తు, షాక్ అబ్జార్బరు, ఛాసిస్ బుష్‌లలో దేన్ని మారిస్తే ఏమవుతుందో కారణంతో సహా చెప్పగలుగుతారు. ఒక స్పీడ్ బ్రేకరు మీద మీ కారు అడుగు తగులుతుందో లేదో కాగితం మీదే తేల్చగలుగుతారు.

6.1 పరిచయం

గత పాఠంలో మీరు స్ప్రింగుకు వేలాడదీసిన ద్రవ్యరాశి చేసే డోలనాలను, వాటిని క్రమంగా చల్లార్చే అవరోధ బలాన్ని అధ్యయనం చేశారు. ప్రయోగశాలలో ఆ ద్రవ్యరాశి అరకిలో ఉంటుంది. ఈ పాఠంలో అది 320 కిలోలు, అంటే ఒక కారు ముందు చక్రం మీద పడే బరువు. సమీకరణం మాత్రం అదే.

ఉదాహరణగా ఫోక్స్‌వాగన్ పోలో జీటీ టీఎస్ఐని తీసుకుందాం. 2013లో భారతదేశంలో విడుదలైన ఈ కారులో 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 105 పీఎస్ శక్తి, ఏడు గేర్ల డీఎస్‌జీ గేరుబాక్సు ఉన్నాయి. చిన్న కారులో ఇంత చురుకుదనం ఆ రోజుల్లో మన దగ్గర అరుదు. 2022లో మన దేశంలో పోలో తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ఈ కారు ఉన్నవాళ్ళు దాన్ని అమ్ముకోవడానికి ఇష్టపడరు, పాడైతే అలాంటి కొత్త కారు దొరకదు. కాబట్టి దానికి ఏ మార్పు చేయించినా అది తప్పు మార్పు కాకూడదు.

యజమాని సంతోష్‌నగర్‌లో ఉంటాడనుకుందాం. అతని రోజువారీ దారి మూడు రకాలుగా ఉంటుంది. ఇంటి నుంచి పెద్ద రోడ్డుకు వచ్చేదాకా గల్లీ, అందులో కాలనీవాళ్ళు సిమెంటుతో పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు. తరువాత ఒవైసీ–మిధానీ కూడలి మీదుగా 2021 డిసెంబరులో ప్రారంభమైన ఏపీజే అబ్దుల్ కలాం ఫ్లైఓవరు, దాని మీద దిమ్మెకూ దిమ్మెకూ మధ్య వచ్చే జాయింట్లు. సెలవు రోజున చంపాపేట, సాగర్ రోడ్డు, బొంగుళూరు మీదుగా 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. ఈ మూడు రోడ్లూ సస్పెన్షన్‌ను మూడు వేర్వేరు ప్రశ్నలు అడుగుతాయి. ఏ మార్పు మంచిదో తేల్చవలసింది ఈ రోడ్లే గాని, డబ్బా మీద రాసిన బ్రాండు పేరు కాదు.

6.2 స్ప్రింగు పైన ఉన్నది, కింద ఉన్నది

కారు బరువును రెండు భాగాలుగా చూడాలి. బాడీ, ఇంజను, సీట్లు, మనుషులు స్ప్రింగుల మీద కూర్చుంటారు. చక్రం, టైరు, బ్రేకు డిస్కు, హబ్బు స్ప్రింగు కింద ఉంటాయి. పై భాగం నెమ్మదిగా, సెకనుకు ఒకటి రెండుసార్లు ఊగుతుంది. కింది భాగం ఒకవైపు స్ప్రింగుకూ మరోవైపు గాలి నిండిన టైరుకూ మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి చాలా వేగంగా కంపిస్తుంది. టైరు కూడా ఒక స్ప్రింగే అన్న సంగతి చాలామంది మరచిపోతారు. దాని గట్టిదనం మి.మీ.కు సుమారు 200 న్యూటన్లు, అంటే సస్పెన్షన్ స్ప్రింగుకు దాదాపు పదింతలు.

ఒక ముందు చక్రం దగ్గర స్ప్రింగు పైన 320 కిలోలు, స్ప్రింగు కింద 38 కిలోలు, చక్రం దగ్గర కొలిచిన స్ప్రింగు గట్టిదనం మి.మీ.కు 20 న్యూటన్లు అనుకుందాం. ఇవి ఈ తరహా కారుకు దగ్గరగా ఉండే ఉదాహరణ అంకెలు. మీ కారుకు మీరే తూచి, కొలిచి తెలుసుకోవాలి.

పోలోలో ముందు వైపు మాక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది. స్ప్రింగు, షాక్ అబ్జార్బరు ఒకే నిలువు కాడగా అమరి, కింద ఒక లోయర్ ఆర్మ్‌తో కలుస్తాయి. వెనుక రెండు చక్రాలను ఒక టార్షన్ బీమ్ కలుపుతుంది. ఒక చక్రం లేచి మరొకటి లేవనప్పుడు ఆ బీమ్ మెలితిరిగి ఎదురు నిలుస్తుంది. పాత పద్ధతి ఎలా ఉండేదో చూడాలంటే చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళండి. అక్కడ ప్రదర్శనలో ఉన్న నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కింద పట్టీలు పట్టీలుగా పేర్చిన లీఫ్ స్ప్రింగులు ఉంటాయి. సంతోష్‌నగర్ నుంచి కొద్ది కిలోమీటర్లే.

6.3 పౌనఃపున్యం లెక్క

గత పాఠంలోని సూత్రాన్ని మాటల్లో చెప్పుకుందాం. స్ప్రింగు గట్టిదనాన్ని మీటరుకు న్యూటన్లలోకి మార్చి, ద్రవ్యరాశితో భాగించి, వర్గమూలం తీసి, 6.28తో భాగిస్తే పౌనఃపున్యం వస్తుంది. 20,000ను 320తో భాగిస్తే 62.5, వర్గమూలం 7.9; 6.28తో భాగిస్తే సుమారు 1.26 హెర్ట్జ్.

ఈ అంకె ఎందుకు నచ్చుతుందో ఆలోచించండి. మనిషి నడిచేటప్పుడు శరీరం పైకీ కిందికీ కదిలే పౌనఃపున్యం సెకనుకు ఒకటికీ రెండుకూ మధ్య ఉంటుంది. ఆ ఊపు మనకు అలవాటే. నిలువు దిశలో 4 నుంచి 8 హెర్ట్జ్ కంపనాలను మాత్రం శరీరం భరించలేదు, కడుపులో అవయవాలు అదిరినట్టుంటుంది. అందుకే కుటుంబాలు తిరిగే కార్లను సాధారణంగా 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య తయారు చేస్తారు. పోటీ కార్లు 2 హెర్ట్జ్ దాటిపోతాయి.

ఇప్పుడు యజమాని ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేయించాడనుకుందాం. అవి 30 శాతం గట్టివైతే మి.మీ.కు 26 న్యూటన్లు, పౌనఃపున్యం 1.43 హెర్ట్జ్. ట్రాక్ కోసం తయారైన కాయిలోవర్ కిట్‌తో మి.మీ.కు 60 న్యూటన్లకు వెళ్తే 2.18 హెర్ట్జ్. స్ప్రింగు మూడింతలు గట్టిపడినా పౌనఃపున్యం మూడింతలు కాలేదు, వర్గమూలం వల్ల 1.73 రెట్లే పెరిగింది. అయినా ఆ 2.18 హెర్ట్జ్‌తో గల్లీలో రోజూ తిరగడం ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

స్ప్రింగును గట్టిపరచడానికి మన గ్యారేజీల్లో మరో రెండు చవక దారులున్నాయి. ఒకటి, ఉన్న స్ప్రింగును ఒక చుట్టు కోయించడం. స్ప్రింగు గట్టిదనం దాని పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమానుపాతంలో ఉంటుంది. ఆరు చుట్లలో ఒకటి పోతే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది. కాని కోసిన కొన దాని గిన్నెలో సరిగా కూర్చోదు. చక్రం గుంతలో పూర్తిగా కిందికి జారినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై, స్థానం తప్పే ప్రమాదం ఉంది. రెండోది, చుట్ల మధ్య రబ్బరు బఫరు దూర్చడం. దీన్ని ‘కారు ఎత్తు పెరుగుతుంది’ అని అమ్ముతారు. ఎత్తు పెరిగేమాట నిజమే. కాని బఫరు ఒక చుట్టును పనిచేయకుండా బిగించేస్తుంది, అంటే స్ప్రింగును కోసినంత పనే జరిగింది. ఎత్తు పెరిగింది కదా అని మెత్తదనం కూడా మిగిలిందనుకోకండి.

స్ప్రింగు తీగ మందం విషయం ఇంకా ఆసక్తికరం. గట్టిదనం తీగ వ్యాసానికి నాలుగో ఘాతంలో మారుతుంది. 12 మి.మీ. తీగకు బదులు 13 మి.మీ. వాడితే గట్టిదనం 38 శాతం పెరుగుతుంది. ఉక్కు రకం మారితే మాత్రం గట్టిదనం పెద్దగా మారదు, ఎందుకంటే ఉక్కులన్నిటి స్థితిస్థాపకత గుణకం దాదాపు ఒకటే. పక్కనే కంచన్‌బాగ్‌లో ఉన్న మిధానీ తయారుచేసే ప్రత్యేక ఉక్కు లాంటిది తెచ్చి స్ప్రింగు చేసినా, కొలతలు అవే అయితే గట్టిదనమూ అదే. మేలైన ఉక్కు వల్ల స్ప్రింగు త్వరగా కుంగకుండా, విరగకుండా ఎక్కువ కాలం మన్నుతుంది.

6.4 అవరోధం: అసలు మెరుగుదల ఇక్కడే

స్ప్రింగు శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది, ఖర్చు చేయదు. ఆ శక్తిని వేడిగా మార్చి ఖర్చు చేసేది షాక్ అబ్జార్బరు. గ్యారేజీలో దీన్నే ‘షాకప్’ అంటారు. లోపలి పిస్టను చిన్న రంధ్రాల గుండా నూనెను నెడుతుంది, ఆ నిరోధమే అవరోధ బలం. పేరుకు అది కుదుపును మింగేదే అయినా, నిజానికి కుదుపును ముందుగా మింగేవి టైరు, స్ప్రింగు. షాకప్ పని వాటిని ఊగకుండా ఆపడం.

సందిగ్ధ అవరుద్ధానికి కావలసిన అవరోధ గుణకం, గట్టిదనాన్ని ద్రవ్యరాశితో గుణించి వర్గమూలం తీసి రెట్టింపు చేస్తే వస్తుంది. మన కారుకు అది 5,060 (మీటరుకు న్యూటన్–సెకన్లలో). కాని కారును సందిగ్ధ స్థితిలో ఉంచరు. అలా చేస్తే ప్రతి గులకరాయీ బాడీకి తెలుస్తుంది. అందులో 25 నుంచి 35 శాతం చాలు. ఆ భాగాన్నే అవరోధ నిష్పత్తి అంటాం. కొత్త షాకప్ గుణకం 1,500 అనుకుంటే నిష్పత్తి 0.30.

కింది పట్టికను నెమ్మదిగా చదవండి. చివరి నిలువు వరుసలో ఉన్నది, బాడీ ఒకవైపు ఊగి మరోవైపుకు వచ్చేసరికి ఆ ఊపులో ఎంత శాతం మిగులుతుందన్నది.

| అమరిక | స్ప్రింగు (న్యూటన్/మి.మీ.) | షాకప్ గుణకం | నిష్పత్తి | మిగిలే ఊపు |
|---|---|---|---|---|
| కంపెనీ స్ప్రింగు, కొత్త షాకప్ | 20 | 1,500 | 0.30 | 37 శాతం |
| కంపెనీ స్ప్రింగు, అరిగిన షాకప్ | 20 | 750 | 0.15 | 62 శాతం |
| 30 శాతం గట్టి స్ప్రింగు, కొత్త కంపెనీ షాకప్ | 26 | 1,500 | 0.26 | 43 శాతం |
| 30 శాతం గట్టి స్ప్రింగు, అరిగిన షాకప్ | 26 | 750 | 0.13 | 66 శాతం |
| ట్రాక్ స్ప్రింగు, కంపెనీ షాకప్ | 60 | 1,500 | 0.17 | 58 శాతం |

రెండో వరుసను మొదటి వరుసతో పోల్చండి. మూడు సగం ఊపుల తరువాత కొత్త షాకప్‌తో 5 శాతం ఊపు మిగిలితే, అరిగినదానితో 24 శాతం మిగులుతుంది. పదేళ్ళు నడిచిన పోలో ‘ఔటర్ మీద తేలిపోతోంది’ అని యజమాని అంటే, చాలాసార్లు కారణం ఇదే. అతను పరిష్కారం గట్టి స్ప్రింగులో వెతుకుతాడు. పాత షాకప్‌లు అలాగే ఉంచి కొత్త స్ప్రింగులు వేయిస్తే నాలుగో వరుసకు చేరుకుంటాడు. డబ్బు ఖర్చయింది, నిష్పత్తి 0.15 నుంచి 0.13కు పడిపోయింది. పట్టికలో అన్నిటికంటే చెడ్డ వరుస అదే, మన ఊళ్ళో తరచుగా కనిపించేదీ అదే. నాలుగు షాకప్‌లనూ వాటి పై మౌంటింగులతో, బంప్ స్టాపులతో సహా కొత్తవి వేయించి, కంపెనీ స్ప్రింగులే ఉంచితే మొదటి వరుస వస్తుంది. నా అభిప్రాయంలో సంతోష్‌నగర్ యజమాని చేయించదగిన మొదటి మెరుగుదల ఇదే. చాలామందికి ఆ తరువాత మరొకటి అవసరం పడదు.

మరి బిల్‌స్టీన్, కోనీ వంటి ఖరీదైన షాకప్‌లలో అదనంగా ఏముంది? తేడా కవాటాల్లో ఉంది. పిస్టను రెండు రకాల వేగాలతో కదులుతుంది. బాడీ మలుపులో వాలేటప్పుడు, బ్రేకు వేసినప్పుడు ముందుకు వంగేటప్పుడు అది నెమ్మదిగా కదులుతుంది. ఫ్లైఓవరు జాయింటు తగిలినప్పుడు చాలా వేగంగా కదులుతుంది. మంచి కవాటం నెమ్మది కదలికను గట్టిగా పట్టి ఉంచి, వేగపు దెబ్బకు తెరుచుకుని నూనెను వదిలేస్తుంది. సాదా కవాటంలో ఒకదాన్ని బిగిస్తే రెండోది కూడా బిగుసుకుంటుంది. అందుకే బాగా తయారైన షాకప్ కారును ఒకేసారి స్థిరంగానూ మెత్తగానూ చేయగలుగుతుంది. ఇది చూసి కొందరు మాయ అనుకుంటారు గాని, పిస్టను వేగాన్ని బట్టి మారే నిరోధమే అందులోని రహస్యం.

రోడ్డు ఏ పౌనఃపున్యాన్ని కదిలిస్తుందన్నది వేగాన్ని అలల పొడవుతో భాగిస్తే తెలుస్తుంది. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు 16.7 మీటర్లు. ఆ వేగంలో 13 మీటర్ల పొడవున్న మెల్లని అల బాడీని దాని సహజ పౌనఃపున్యం దగ్గర ఊపి అనునాదం తెస్తుంది. మీటరున్నర లోపు గతుకులు చక్రాన్ని కదిలిస్తాయి. 38 కిలోల చక్రానికి టైరు, స్ప్రింగుల మధ్య సహజ పౌనఃపున్యం సుమారు 12 హెర్ట్జ్. గతుకుల రోడ్డు మీద బ్రేకు వేసినప్పుడు అరిగిన షాకప్ ఉన్న చక్రం రోడ్డు మీద ఎగురుతూ పోతుంది. ఎగిరిన క్షణంలో దానికి పట్టు ఉండదు, కారు ఆగే దూరం పెరుగుతుంది.

ముందు, వెనుక స్ప్రింగుల మధ్య పొత్తు గురించి ఒక మాట. స్పీడ్ బ్రేకరు ముందు చక్రాలకు మొదట తగులుతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగంలో, 2.47 మీటర్ల చక్రాల దూరం ఉన్న కారులో, వెనుక చక్రాలకు అది 0.36 సెకన్లు ఆలస్యంగా అందుతుంది. వెనుక భాగం కొంచెం వేగంగా ఊగితే ముందుభాగాన్ని అందుకుని, బాడీ ఊయలలా కాకుండా సమంగా లేచి దిగుతుంది. రోల్స్ రాయిస్‌లో పనిచేసి 1930లో జనరల్ మోటార్స్‌లో చేరిన మారిస్ ఓలీ ప్రయోగాలు చేసి చూపించిన సంగతి ఇది. ముందు పౌనఃపున్యం వెనుకదానికంటే కొంత తక్కువ ఉండాలన్న సూత్రం అక్కడి నుంచి వచ్చింది. ‘ముందు రెండు స్ప్రింగులే మారుద్దాం, డబ్బు కలిసొస్తుంది’ అన్న ఆలోచన ఈ పొత్తును చెడగొడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1

(అ) స్ప్రింగు గట్టిదనం నాలుగింతలైతే పౌనఃపున్యం ఎన్ని రెట్లవుతుంది? అదే షాకప్ ఉంచితే అవరోధ నిష్పత్తి ఏమవుతుంది?

(ఆ) చుట్ల మధ్య రబ్బరు బఫరు పెట్టడానికీ ఒక చుట్టు కోయడానికీ గట్టిదనం విషయంలో పోలిక ఏమిటి?

6.5 ఎత్తు తగ్గిస్తే: స్పీడ్ బ్రేకరు జ్యామితి

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి స్పీడ్ బ్రేకరు 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తంలో ముక్కలా ఉండాలి. వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. ఇలాంటి బ్రేకరు మీద కారు రెండు జతల చక్రాలూ ఒకేసారి వంపు మీద ఉంటాయి కాబట్టి కారు కింద దూరేది మొత్తం 10 సెంటీమీటర్లు కాదు. చక్రాల దూరాన్ని వర్గం చేసి, వ్యాసార్ధానికి ఎనిమిది రెట్లతో భాగించండి. 6.1ని 136తో భాగిస్తే 0.045 మీటర్లు, అంటే 45 మి.మీ. మాత్రమే.

కాలనీ గల్లీలో సిమెంటుతో పోసిన సన్నటి దిమ్మె వేరు. అది అరమీటరు వెడల్పుంటే ముందు చక్రాలు దిగిపోయాక, వెనుక చక్రాలు ఎక్కకముందు, దాని ఎత్తు అంతా కారు పొట్ట కిందికి వస్తుంది. ఎత్తు 120 మి.మీ. అనుకుందాం.

కారు ఖాళీగా ఉన్నప్పుడు అడుగుకూ రోడ్డుకూ మధ్య 165 మి.మీ. ఉందనుకుందాం. అదనంగా ముగ్గురు మనుషులు, మొత్తం 210 కిలోలు ఎక్కితే నాలుగు స్ప్రింగులు కలిసి సగటున 26 మి.మీ. దిగుతాయి, మిగిలేది 139. ప్రమాణం ప్రకారం కట్టిన బ్రేకరు మీద ఇంకా 94 మి.మీ. ఖాళీ ఉంటుంది. గల్లీ దిమ్మె మీద 19 మి.మీ. మిగులుతుంది, నెమ్మదిగా పోతే గట్టెక్కుతుంది. ఇప్పుడు 40 మి.మీ. ఎత్తు తగ్గించే గట్టి స్ప్రింగులు వేయించాడు. గట్టివి కాబట్టి అదే బరువుకు 20 మి.మీ. మాత్రమే దిగుతాయి, మిగిలేది 105. ప్రమాణ బ్రేకరు మీద 60 మి.మీ. ఖాళీ ఉంది, బాధ లేదు. గల్లీ దిమ్మె మీద మాత్రం 15 మి.మీ. తక్కువ పడింది. ఎంత నెమ్మదిగా పోయినా తగులుతుంది. ఇక్కడ వేగం తగ్గించడం పరిష్కారం కాదు, ఎందుకంటే ఇది జ్యామితి. తగిలే చోట ఇంజను ఆయిలు సంపు ఉంటే ఆ దెబ్బ ఎక్కడికి దారితీస్తుందో చెప్పనక్కరలేదు.

ఎత్తుతోపాటు పోయేది మరొకటుంది, ప్రయాణం. అంటే చక్రం పైకి కదలగల దూరం. కంపెనీ స్థితిలో బంప్ స్టాపు తగిలేదాకా 80 మి.మీ. ఉంటే, 40 మి.మీ. తగ్గించిన కారులో సగమే మిగులుతుంది. బంప్ స్టాపు తగిలిన క్షణంలో స్ప్రింగు గట్టిదనం అమాంతం పెరిగిపోతుంది. మలుపు మధ్యలో గతుకు వచ్చి ఇలా జరిగితే ముందు టైరు పట్టు ఒక్కసారిగా జారుతుంది. చూడటానికి అందంగా ఉన్న కారు సాగర్ రోడ్డు మీద అకస్మాత్తుగా దారి తప్పడానికి ఇదొక కారణం.

6.6 మలుపులో బరువు ఎటు పోతుంది

‘కారు కిందికి దించితే గరిమనాభి తగ్గి పట్టు పెరుగుతుంది’ అని మీరు విని ఉంటారు. మాట నిజమే, కాని ఎంత పెరుగుతుంది? మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారే భారం, కారు ద్రవ్యరాశిని పక్క త్వరణంతో, గరిమనాభి ఎత్తుతో గుణించి, ఎడమ కుడి చక్రాల మధ్య దూరంతో భాగిస్తే వస్తుంది. 1,200 కిలోల కారు, గురుత్వ త్వరణంలో 0.6 వంతు, 0.55 మీటర్ల ఎత్తు, 1.46 మీటర్ల దూరం తీసుకుంటే 2,660 న్యూటన్లు, అంటే 271 కిలోల బరువు. గరిమనాభి 30 మి.మీ. దిగితే 2,516 న్యూటన్లు. ఐదున్నర శాతం లాభం. ఈ సూత్రంలో స్ప్రింగు గట్టిదనం ఎక్కడా లేదని గమనించండి. గట్టి స్ప్రింగు కారు వాలడాన్ని తగ్గిస్తుంది, మారే భారాన్ని కాదు. కారు వాలకపోవడం, పట్టు పెరగడం ఒకటి కావు.

మాక్‌ఫర్సన్ అమరికలో ఇంకో చిక్కుంది. కారును దించినప్పుడు లోయర్ ఆర్మ్ బయటి కొన పైకి లేచి, ఆర్మ్ తిరగబడిన వాలులోకి వెళ్తుంది. బాడీ ఏ బిందువు చుట్టూ వాలుతుందో ఆ బిందువు గరిమనాభికంటే ఎక్కువగా కిందికి పడిపోతుంది. రెండిటి మధ్య దూరమే బాడీని వాల్చే మీట. మీట పొడవు పెరిగింది కాబట్టి, దించిన కారు కంపెనీ కారుకంటే ఎక్కువ వాలడానికి ప్రయత్నిస్తుంది. దాన్ని ఆపడానికి ఇంకా గట్టి స్ప్రింగు కావాలి. ఒక తప్పును దిద్దడానికి రెండో తప్పు.

వాలడాన్ని తగ్గించాలంటే యాంటీ రోల్ బారు మెరుగైన సాధనం. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు అది పనిచేయదు, ఒకటి లేచినప్పుడే మెలితిరుగుతుంది. ముందు ఇంజను, ముందు చక్రాల నడక గల కారు మలుపులో బయటికి పోతుంటే, వెనుక వైపు గట్టిదనం కొంచెం పెంచితే ముందు టైర్ల మీద భారం తేడా తగ్గి కారు తిరగబడుతుంది, అంటే మలుపు తీసుకోవడానికి ఇష్టపడుతుంది. అతిగా పెంచితే లోపలి వెనుక చక్రం గాలిలోకి లేస్తుంది, వాన రోడ్డు మీద వెనుక భాగం జారుతుంది. అందుకే దీన్ని చివర చేయాలి, కొద్దిగా చేయాలి.

6.7 ఛాసిస్: బుష్‌లు, బ్రేసులు, కొలతలు

పోలో వంటి కారులో లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ ఉండదు. రేకును ఒత్తి, అతికి చేసిన బాడీయే ఛాసిస్. స్ప్రింగు, షాకప్ ఎంత మంచివైనా అవి బిగించిన చోటు కదులుతుంటే ప్రయోజనం లేదు. ఆ కదలిక ఎక్కువగా వచ్చేది రేకు నుంచి కాదు, రబ్బరు బుష్‌ల నుంచి. మన ఎండలకు, ఇంజను వేడికి లోయర్ ఆర్మ్ వెనుక బుష్ చిట్లుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి కదిలి కారు ఒక పక్కకు లాగుతుంది. లింకు రాడ్లు, బాల్ జాయింట్లు, స్ట్రట్ పై బేరింగు కూడా ఇదే వరుసలో చూడాలి. వీటిని కొత్తవి వేయించాక కారు ‘బిగుతైంది’ అనిపిస్తుంది. ఆ అనుభూతి కోసమే చాలామంది స్ట్రట్ బ్రేసు కొంటారు. బ్రేసు రెండు స్ట్రట్ గోపురాలను కలిపే కడ్డీ. అది కొంత మేలు చేయవచ్చు, కాని అరిగిన బుష్ చేసే నష్టాన్ని అది పూడ్చలేదు.

రబ్బరు స్థానంలో పాలీయూరిథేన్ బుష్‌లు వేస్తే కదలిక ఇంకా తగ్గుతుంది. దానికి బదులుగా రోడ్డు మోత బాడీలోకి వస్తుంది. వెనుక టార్షన్ బీమ్ బుష్‌ను కొన్ని కార్లలో ఏటవాలుగా, మలుపులో బీమ్‌ను సరిదిద్దేలా రూపొందిస్తారు. దాన్ని గట్టి బుష్‌తో మారిస్తే ఆ సహాయం పోతుంది.

పని అయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి. ఎత్తు మారితే చక్రాల కోణాలూ మారతాయి. చక్రం నడక దిశకు పావు డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, కారు కిలోమీటరు పోయేసరికి ఆ టైరు నాలుగు మీటర్లకు పైగా పక్కకు ఈడ్వబడుతుంది. కొత్త టైరు కొన్ని నెలల్లోనే ఒక అంచు అరిగిపోతే దుకాణదారుణ్ణి నిందించకముందు ఈ లెక్క చేసి చూడండి. లోయర్ ఆర్మ్ బుష్ బోల్టులను జాక్ మీద చక్రాలు వేలాడుతుండగా కాకుండా, కారు తన బరువు మీద నిలబడ్డాకే చివరిగా బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి త్వరగా చిరుగుతుంది. చిన్న విషయమే, కాని మెకానిక్కుకు గుర్తుచేయండి.

6.8 టైరు

టైరు గోడ ఎత్తు వెడల్పులో శాతంగా రాస్తారు. 185/60 టైరుకు గోడ 111 మి.మీ., 205/40కి 82. పోయిన 29 మి.మీ. గల్లీ గుంతలో రిమ్మును కాపాడే మెత్త. పైగా పెద్ద రిమ్ము బరువైతే స్ప్రింగు కింద ద్రవ్యరాశి పెరిగి, గతుకుల మీద చక్రాన్ని అదుపు చేయడం షాకప్‌కు ఇంకా కష్టమవుతుంది. కంపెనీ కొలతలోనే మంచి పట్టున్న టైరు, తలుపు దగ్గరి చీటీలో రాసినంత గాలి, రూపాయికి రూపాయి చూస్తే అన్నిటికంటే ఎక్కువ ఇస్తాయి.

6.9 చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు మారేలా వాహనాన్ని మార్చకూడదు. వాహనం మౌలిక స్వరూపాన్ని మార్చే నిర్మాణ మార్పులను ఇది ఆపుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనును గట్టిగానే వ్యాఖ్యానించింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఏ సెక్షను కింద, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అరిగిన షాకప్, బుష్ స్థానంలో అదే కొలత కొత్తది వేయడం మరమ్మతు. బాడీ రేకు కోయడం, అతకడం, స్ట్రట్ గోపురాన్ని మార్చడం నిర్మాణ మార్పు. రెండిటి మధ్య ఉన్న ఏ పనికైనా ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలపండి. ప్రమాదం జరిగాక తెలిపే సమాచారానికి విలువ ఉండదు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఇ పోటీ జరిగినప్పుడు, 18 మలుపులున్న 2.8 కిలోమీటర్ల దారిని పోటీ కోసం ప్రత్యేకంగా సిద్ధం చేశారు. గట్టి స్ప్రింగులకు తగిన రోడ్డు అలాంటిది. ట్రాక్ అమరిక మీద మనసు తీరకపోతే దాన్ని శ్రీపెరుంబుదూరు దగ్గరి మద్రాసు ట్రాక్‌కో, కోయంబత్తూరు కారీ స్పీడ్‌వేకో వేరే కారుతో తీసుకెళ్ళడం మంచిది.

6.10 అభ్యాసం: మొబైల్ ఫోనుతో అవరోధ నిష్పత్తి

మీ ఫోనులో త్వరణాన్ని నమోదు చేసే ఉచిత యాప్ ఒకటి వేసుకోండి. ఫోనును కారు నేలమీద, ముందు సీటు దగ్గర, కదలకుండా టేపుతో అతికించండి. ఖాళీ రోడ్డు మీద, మరొకరు నడుపుతుండగా, ఒకే స్పీడ్ బ్రేకరును గంటకు 20 కిలోమీటర్ల వేగంతో ఐదుసార్లు దాటండి. వెనుక చక్రాలు దిగిన తరువాతి రేఖలో ఒకే వైపున్న రెండు వరుస శిఖరాలను, వాటి మధ్య కాలాన్ని కొలవండి.

ఒక కారుకు శిఖరాలు 3.0, 1.2 (మీటర్లు/సెకను వర్గం), మధ్య కాలం 0.8 సెకన్లు వచ్చాయనుకుందాం. కాలం విలోమం 1.25 హెర్ట్జ్, కాబట్టి స్ప్రింగుల గట్టిదనం కంపెనీదే. శిఖరాల నిష్పత్తి 2.5, దాని సహజ సంవర్గమానం 0.916. దీన్ని, 39.5కు 0.916 వర్గాన్ని కలిపి తీసిన వర్గమూలంతో, అంటే 6.35తో భాగిస్తే అవరోధ నిష్పత్తి 0.14. పట్టికలో ఇది రెండో వరుసకు దగ్గరగా ఉంది. ఈ కారుకు కొత్త షాకప్‌లు వేయించి, అదే బ్రేకరు మీద, అదే వేగంతో కొలత మళ్ళీ తీసుకోండి. నిష్పత్తి 0.30 వస్తే, 3.0 శిఖరం తరువాతి శిఖరం ఎంత ఉండాలో ముందుగానే లెక్కించి నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి.